లాటిన్ ‘వీరుస్’కు బహువచనం ఉందా? మన ‘విషం’తో దానికి చుట్టరికం నిజమేనా?

పదకోశం_పని:

డిగ్రీ జీవశాస్త్ర పదాలకు తెలుగు వివరణలతో ఒక పదకోశం తయారవుతోంది. ‘వైరస్’ దగ్గరికి వచ్చేసరికి పని ఆగిపోయింది. లాటిన్ తెలిసినవాళ్ళు కాస్త చెప్పగలరా?

మొదటిది బహువచనం. ఫంగస్‌కు ‘ఫంజై’, బాసిల్లస్‌కు ‘బాసిల్లై’ అంటున్నాం. అలాంటప్పుడు వైరస్‌కు ‘వైరై’ ఎందుకు కాకూడదు? వెతికితే ‘విరి’, ‘విరియై’, ‘విరా’ అని మూడు రూపాలు కనబడ్డాయి. ఏది సరైనది?

రెండోది అర్థం. గైడ్లన్నీ ‘లాటిన్‌లో వైరస్ అంటే విషం’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తాయి. నిజంగా అంతేనా?

మూడోది, సంస్కృత ‘విషం’, లాటిన్ ‘వైరస్’ ఒకే మూలం నుంచి వచ్చాయని ఒకచోట ఉంది. ‘వి’ తప్ప రెంటికీ పోలిక కనబడటం లేదు. ష ఎక్కడ, ర ఎక్కడ?

ఇంకొకటి కూడా. కంప్యూటర్ పుస్తకాల్లో వైరస్ అంటే ‘వైటల్ ఇన్ఫర్మేషన్ రిసోర్సెస్ అండర్ సీజ్’కు పొట్టి రూపం అని రాస్తారు. దీన్ని పదకోశంలో చేర్చాలా?

లఘువు_గురువు:

చివరిది ముందు తేలుద్దాం, అది తేలిక. చేర్చకండి. ఆ పొడుగు పేరు తర్వాత ఎవరో అక్షరాలకు సరిపడేలా అతికించింది. 1983-84లో ఫ్రెడ్ కోహెన్ తనను తాను నకలు చేసుకునే ప్రోగ్రాముల మీద పరిశోధన చేస్తున్నప్పుడు, ఆయన గురువు లెనార్డ్ ఏడిల్‌మన్ ఈ పేరు సూచించారు. జీవశాస్త్రంలో ఉన్న మాటనే పోలిక కొద్దీ తీసుకున్నారు తప్ప అక్షరాలు కూర్చిన పేరు కాదు. పోటీ పరీక్షల పుస్తకాల్లో ఇది ఇంకా ‘సరైన జవాబు’గా ఉండటం బాధ కలిగించే విషయం.

ఇక బహువచనం. చిక్కంతా ‘-ఉస్’ అనే తోకను చూసి నిర్ణయం తీసుకోవడంలో ఉంది. లాటిన్‌లో ఆ తోక కనీసం నాలుగు వేర్వేరు వర్గాల మాటలకు ఉంటుంది. అందుకే లాటిన్ నిఘంటువు ఏ నామవాచకాన్నీ ఒంటరిగా ఇవ్వదు. మాట, దాని పక్కన షష్ఠీ ఏకవచనం, ఆ పక్కన లింగం, ఈ మూడూ కలిపి ఇస్తుంది. షష్ఠిని చూస్తే మాట ఏ వర్గానిదో, దాని ప్రాతిపదిక ఏదో తెలుస్తుంది. లింగాన్ని చూస్తే బహువచనం ఎలా ముగియాలో తెలుస్తుంది. ఇలా చూడండి:

ఫుంగుస్, షష్ఠి ఫుంగీ, పుంలింగం. బహువచనం ఫుంగీ. ఇంగ్లీషువాళ్ళ ఉచ్చారణలో ఇదే ఫంజై.

గెనుస్, షష్ఠి గెనెరిస్, నపుంసకం. బహువచనం గెనెర. జీనస్‌కు జెనెరా అని మీరు రాసేది ఇదే.

కోర్పుస్, షష్ఠి కోర్పొరిస్, నపుంసకం. బహువచనం కోర్పొర.

మనుస్, అంటే చెయ్యి, షష్ఠి మనూస్, స్త్రీలింగం. బహువచనమూ మనూస్. ఇక్కడ అచ్చు పొడవు ఒక్కటే తేడా.

వీరుస్, షష్ఠి వీరీ, నపుంసకం.

ఆఖరి వరుసను జాగ్రత్తగా చూడండి. షష్ఠి ఫుంగుస్ వర్గానిదే, లింగం మాత్రం నపుంసకం. ఆ వర్గంలో నపుంసకాలు మామూలుగా ‘-ఉమ్’తో ముగుస్తాయి: బెల్లుమ్, వీనుమ్, దోనుమ్. ‘-ఉస్’తో ముగిసే నపుంసకాలుగా వ్యాకరణాలు చెప్పేవి మూడే మూడు: వీరుస్, వుల్గుస్ (జనసామాన్యం), పెలగుస్ (సముద్రం). పెలగుస్ గ్రీకు నుంచి తెచ్చుకున్నది, కవులు దానికి బహువచనం కూడా గ్రీకుదే వాడారు. వుల్గుస్‌ను కొందరు రచయితలు అక్కడక్కడా పుంలింగంగా వాడారు. వీరుస్ మాత్రం నపుంసకంగానే నిలబడింది.

దాని విభక్తి రూపాలు ఇవి. ప్రథమ, ద్వితీయ, సంబోధన మూడింటికీ ‘వీరుస్’. షష్ఠి ‘వీరీ’. చతుర్థికీ పంచమికీ ‘వీరో’. సంస్కృతంలో ‘వనమ్’ ప్రథమకూ ద్వితీయకూ ఒకటే ఎలాగో ఇదీ అలాగే. నపుంసకాల్లో ఆ రెండు విభక్తులూ ఒకటిగా ఉండటం ఈ రెండు భాషలకూ పుట్టుకతో వచ్చిన లక్షణం.

బహువచనం గడి ఖాళీ. ప్రాచీన లాటిన్ సాహిత్యంలో వీరుస్ బహువచనంలో కనబడదు, ఎందుకంటే అది ద్రవ్యం పేరు. మనం బడిలో నేర్చుకున్న నిత్యైకవచనాలు గుర్తు తెచ్చుకోండి: బియ్యం, బంగారం, వెండి. ‘రెండు బియ్యాలు’ అనం కదా. ద్రవ్యాల పేర్లకు అసలు బహువచనమే రాదని మాత్రం కాదు. ‘నూనెలు’ అంటే నూనెలో రకాలు. లాటిన్‌లోనూ ‘వీన’ అంటే రకరకాల ద్రాక్షసారాయిలు. వీరుస్‌కు ఆ వాడుక కూడా ఏర్పడలేదు.

మీరు చూసిన మూడు రూపాల సంగతి:

‘విరి’ తప్పు. నపుంసకానికి బహువచనంలో ఈ-కారం రాదు. పైగా హ్రస్వ ఇ-కారంతో ‘విరీ’ అంటే ‘మగవాళ్ళు’. ‘విర్’ అనే మరో మాటకు అది బహువచనం.

‘విరియై’ మరీ తప్పు. రేడియస్‌కు రేడియై ఎందుకొచ్చిందంటే ఆ మాట ప్రాతిపదికలోనే ఒక ఇ-కారం ఉంది. ‘వీరియుస్’ అనే మాట ఉంటే ‘వీరియీ’ వచ్చేది. అలాంటి మాటే లేదు.

‘విరా’, సరిగా పలికితే ‘వీర’, నియమం ప్రకారం తయారుచేసిన రూపం. శాస్త్రవేత్తలు మొక్కల వర్ణనలు లాటిన్‌లో రాయాల్సి వచ్చినప్పుడు బహువచనం అవసరమై వీర, షష్ఠి వీరోరుమ్, చతుర్థీ పంచములకు వీరీస్ అని కల్పించుకున్నారు. నపుంసక బహువచనం అ-కారంతో ముగియడం పాత పద్ధతే. వేదంలో ‘విశ్వా భువనా’ అన్నదీ ఇలాంటిదే, ‘భువనాని’ తర్వాతి రూపం. కాబట్టి ‘వీర’ తప్పు కాదు గాని రోమన్లు వాడింది కాదు.

తెలుగులో ‘వైరస్‌లు’ అనే రాయండి. జర్మన్లు ‘వీరెన్’ అంటారు, ఫ్రెంచివాళ్ళు మాట మార్చకుండా ముందున్న ఉపపదం (ఇంగ్లీషు ‘ద’ లాంటిది) మారుస్తారు, ఇటాలియన్లూ అంతే. ప్రతివాళ్ళూ తమ భాష బహువచనమే వాడుతున్నారు.

పదకోశం_పని:

చాలా స్పష్టంగా ఉందండీ. ఒక్క సందేహం. ‘వీరుస్’లో ఈ-కారం దీర్ఘమని, ‘విర్’లో హ్రస్వమని రాతలో తెలియదు కదా, రోమన్లు రెంటినీ ఒకే అక్షరంతో రాసేవారు. మరి దీర్ఘమని ఎలా తేల్చారు?

లఘువు_గురువు:

ఛందస్సు చెబుతుంది. తెలుగువాళ్ళకు ఇది చాలా తేలిగ్గా అర్థమవుతుంది, ఎందుకంటే లాటిన్ ఛందస్సు కూడా గురులఘువుల మీదే నడుస్తుంది. దీర్ఘాచ్చు గురువు, సంయుక్తాక్షరానికి ముందున్న హ్రస్వమూ గురువు. మన నియమమే.

రోమన్ కవి వర్జిల్ వ్యవసాయం మీద రాసిన కావ్యం, మొదటి సర్గ, 129వ పాదం ఇది:

ఇల్లె మలుమ్ వీరుస్ సెర్పెంతిబుస్ అద్దిదిత్ ఆత్రీస్

అర్థం: ‘నల్లని పాములకు చెడ్డ విషాన్ని చేర్చింది ఆయనే.’ ఆయన అంటే జుపిటర్.

ఈ వృత్తంలో పాదానికి ఆరు గణాలు. మొదటి నాలుగింటిలో భగణం (గురువు, రెండు లఘువులు) గాని గగం (రెండు గురువులు) గాని రావచ్చు. ఐదోది సాధారణంగా భగణం. ఆరోది రెండక్షరాలది. లాటిన్‌లో పదం చివరి హల్లు తర్వాతి పదం మొదటి అచ్చుతో కలిసిపోతుంది, పొల్లుగా విడిగా లెక్కకు రాదు. ఇప్పుడు గణవిభజన చేద్దాం.

ఇల్-లె-మ: గురువు, లఘువు, లఘువు. భగణం.
లుమ్-వీ: గగం.
రుస్-సెర్: గగం.
పెన్-తి-బు: భగణం.
సద్-ది-ది: భగణం.
తా-త్రీస్: గగం.

‘లుమ్’ గురువు, దాని మీద ‘మ్’, ‘వ’ రెండు హల్లులు పడ్డాయి. ‘రుస్’ కూడా రెండు స-కారాల వల్ల గురువు. ఈ రెండు గురువుల మధ్య ‘వీ’ లఘువైతే గురు-లఘు-గురు వస్తుంది, అది రగణం. ఈ వృత్తంలో రగణానికి చోటే లేదు. కాబట్టి ‘వీ’ దీర్ఘం కాక తప్పదు.

అదే పాదం లింగాన్ని కూడా పట్టిస్తుంది. ‘వీరుస్’కు విశేషణం ‘మలుమ్’, అది నపుంసక రూపం. వీరుస్ ఇక్కడ కర్మ, అంటే ద్వితీయ. పుంలింగమైతే ‘మలుమ్ వీరుమ్’ అని ఉండాలి. ఒక్క పాదంలో దీర్ఘం, లింగం, విభక్తి మూడూ తేలిపోయాయి. అందుకే లాటిన్ మాట మీద అనుమానం వస్తే ముందు పద్యం వెతకాలి.

ఒక జాగ్రత్త. ‘మలుమ్’లో అ-కారం హ్రస్వం, చెడు అని అర్థం. ‘మాలుమ్’ అంటే ఆపిల్ పండు.

మూలధాతువు:

మూడో ప్రశ్నకు: అవును, విషం, వీరుస్ ఒక తల్లి పిల్లలే. ష, ర రెండూ ఒకే స-కారం నుంచి వచ్చాయి. ఒక్కొక్క భాష తన నియమం ప్రకారం దాన్ని మార్చుకుంది.

సంస్కృతం వైపు ముందు చూద్దాం. ఇ, ఉ, ఋ, ర, క వీటి తర్వాత వచ్చే స-కారం ష-కారం అవుతుంది. శబ్దమంజరి చదివినవాళ్ళకు ఇది నోటికి వచ్చే సంగతే: రమాసు, కాని హరిషు, గురుషు, రామేషు. ఆ-కారం తర్వాత స అలాగే ఉండిపోయింది, మిగతా చోట్ల ష అయింది. ‘విష’లోని షకు కారణమూ అదే, ముందు ఇ-కారం ఉంది. అంటే అంతకు ముందు దశలో అది ‘విస’.

లాటిన్ వైపు నియమం వేరు. రెండు అచ్చుల మధ్య చిక్కిన స-కారం ర-కారం అయిపోతుంది. ఇది క్రీ.పూ. 4వ శతాబ్దానికల్లా పూర్తయింది. ‘పపీసియుస్’ అనే ఇంటిపేరు ఆ కాలంలోనే ‘పపీరియుస్’ అయిందని రోమన్ వక్త, రచయిత సిసెరో ఒక ఉత్తరంలో చెప్పాడు. వీరుస్ ఒక్కదానిలో కాదు, ఈ మార్పు భాష అంతటా జరిగింది. అది చూశాకే నమ్మకం కుదురుతుంది:

ఎలుకకు సంస్కృతంలో మూషః, మనకు మూషికం. లాటిన్‌లో ప్రథమ ‘మూస్’, షష్ఠి ‘మూరిస్’. ప్రథమలో స పదం చివర ఉంది కాబట్టి బతికింది, షష్ఠిలో రెండు అచ్చుల మధ్య పడి ర అయింది.

కోడలు సంస్కృతంలో స్నుషా, లాటిన్‌లో నురుస్.

ఉషస్సు లాటిన్‌లో ‘అవ్రోర’. ఆరోరా అని మనం వినే పేరు.

పైన చెప్పిన గెనుస్, గెనెరిస్ కూడా ఇదే. సంస్కృతంలో జనస్, షష్ఠి జనసః. జనసః ఉన్న చోట లాటిన్‌లో గెనెరిస్.

కాబట్టి ‘వీరుస్’లో మధ్య ర అసలు స. చివరి స మాత్రం విభక్తి ప్రత్యయం, అది పదాంతంలో ఉంది కాబట్టి మారలేదు. ష-కారానికి ఎదురుగా ర-కారం ఉండటం పోలిక లేకపోవడం కాదు, సరైన పోలికకు సాక్ష్యం. శబ్దాలు చెవికి దగ్గరగా వినబడితే చుట్టరికం అనుకునేవాళ్ళు సాధారణంగా ఇక్కడే దారి తప్పుతారు.

ఈ కుటుంబంలో ఇంకా చాలామంది ఉన్నారు. పాత ఇరాన్ మతగ్రంథం అవెస్తాలో ‘వీష’. గ్రీకులో ‘ఈఒస్’. గ్రీకు భాష మొదటి వ-కారాన్నీ అచ్చుల మధ్య స-కారాన్నీ రెంటినీ పోగొట్టుకుంది, అందుకే అచ్చులే మిగిలాయి. పాత ఐరిష్‌లో ‘ఫీ’. మధ్య ఆసియాలో ఎప్పుడో మాసిపోయిన తొఖారియన్‌లో ‘వసె’. అన్నిచోట్లా అర్థం విషమే. నేటి గ్రీకులో వైరస్‌ను ఇప్పటికీ ఆ పాత మాటతోనే పిలుస్తారు, ఉచ్చారణ ‘ఇయోస్’ అయింది. హిందీలో ‘విషాణు’ అన్నా అంతే. అనువాదం చేసినవాళ్ళ మనసులో ఏముందో గాని, ‘విష’ అన్నప్పుడు ‘వీరుస్’ తోబుట్టువునే తెచ్చి కూర్చోబెట్టారు.

తెలుగులో ప్రకృతి-వికృతుల్లో విషము, విసము అని ఉంటాయి. విసములో స-కారం చూసి ఆదిమ రూపం మన దగ్గరే మిగిలిందని అనుకోవద్దు. ప్రాకృతాల్లో శ, ష, స మూడూ స అయిపోయాయి, అక్కడి నుంచి మనకు వచ్చింది. వెయ్యేళ్ళు తిరిగి తిరిగి పాత శబ్దానికే చేరింది, అంతే.

పదకోశం_పని:

అయితే ఒకటి అడగాలి. లాటిన్‌లో వీరుస్ దీర్ఘం, సంస్కృతంలో విషం హ్రస్వం. ఇది కుదురుతుందా? పైగా ‘వీర’ అన్నది మన వీరుడిలా ఉంది. దానితో ఏమైనా సంబంధం?

మూలధాతువు:

వీరుడికి చుట్టం వీరుస్ కాదు, విర్. సంస్కృత ‘వీర’, లాటిన్ ‘విర్’ ఒకే మాట, అర్థం మగవాడు, మగటిమి గలవాడు. విర్ నుంచి ‘విర్తూస్’ వచ్చింది, ఇంగ్లీషులో వర్చ్యూ అయింది.

ఇక్కడ ఒక తమాషా అమరిక ఉంది. మగవాడి మాట సంస్కృతంలో దీర్ఘం, లాటిన్‌లో హ్రస్వం. విషం మాట సంస్కృతంలో హ్రస్వం, లాటిన్‌లో దీర్ఘం. తలకిందులైనట్టు ఉంటుంది. అందుకే ఈ రెండు జంటలను కలిపేసుకోవడం తేలిక, విడిగా గుర్తుపెట్టుకోవడం అవసరం.

హ్రస్వదీర్ఘాల తేడా కుదురుతుంది. సంస్కృతంలో గుణం ఉంది కదా: విద్ ధాతువు నుంచి విద్య, వేదం రెండూ వస్తాయి. ఒకదానిలో ఇ, ఒకదానిలో ఏ. ఆ ఏ-కారం పూర్వదశలో ‘ఎయ్’ లేదా ‘అయ్’. పాత లాటిన్‌లోని ‘ఎయ్’ తర్వాత ఈ-కారం అయింది. ‘చెబుతున్నాను’ అన్న అర్థంలో పాత శాసనాల ‘దెయ్‌కో’ తర్వాతి ‘దీకో’ అయినట్టే. కాబట్టి సంస్కృతం గుణం లేని మెట్టును, లాటిన్ గుణం ఉన్న మెట్టును తీసుకున్నాయని వివరించవచ్చు. లాటిన్ రూపానికి పండితులు చెప్పే వివరణల్లో ఇదొకటి. గ్రీకు దీర్ఘానికి మాత్రం ఇది చాలదు, అక్కడ ‘ఎయ్’ ఈ-కారం కాదు. అందుకని పదకోశంలో ‘ఒకే మూలం’ అనేంతవరకే రాయండి, మెట్ల సంగతి వద్దు.

ఈ హ్రస్వదీర్ఘాలు మొక్కల పేర్లలో కూడా అవసరపడతాయి. వీరుస్ నుంచి ‘వీరోసుస్’ అనే విశేషణం వచ్చింది, అర్థం దుర్గంధం గలది, విషం గలది. లిన్నేయస్ పెట్టిన ‘లాక్టూకా విరోసా’ (అడవి లెట్యూస్), ‘సికూటా విరోసా’ (నీటి అంచున పెరిగే విషపు మొక్క) పేర్లలో ఉన్నది ఇదే. హ్రస్వంతో ‘విరోసుస్’ అని ఇంకో మాట ఉంది, అది విర్ నుంచి వచ్చింది, అర్థం మగపిచ్చి గలది. రాతలో రెండూ ఒకటే! మొక్కల పేర్లకు అర్థం రాసేటప్పుడు జాగ్రత్త.

రసి_సొన:

అర్థం గురించి ఎవరూ చెప్పలేదు, నా దృష్టిలో పదకోశానికి అసలు ముఖ్యం అదే. ‘విషం’ అన్న ఒక్క మాట వీరుస్‌ను సగమే చెబుతుంది.

వీరుస్‌లో మొదట ఉన్నది జిగట. కారేది, అంటేది, చూస్తే ఒళ్ళు జలదరించేది. వర్జిల్ అదే కావ్యం మూడో సర్గలో ఎదకు వచ్చిన గుర్రానికి జారే జిగురును వీరుస్ అన్నాడు, అక్కడ విషం లేదు. తెలుగులో రసి, సొన, జిగురు అన్న మాటలు దానికి దగ్గర. మొక్కను గిల్లితే వచ్చేది సొన, పుండు నుంచి కారేది రసి. రోమన్ చెవికి వీరుస్ అంటే ముందు ఇలాంటిదే స్ఫురించేది. పాము కోరలోంచి దిగేది కూడా జిగట ద్రవమే కాబట్టి విషం అన్న అర్థం అక్కడ కుదురుకుంది.

ఇంకో అర్థం ఘాటు, అంటే ముక్కుకూ నాలుకకూ తగిలే కటువు. రోమన్ కవి లుక్రేషియస్ పద్యాల్లో దీనికి రెండు మంచి ఉదాహరణలున్నాయి, రెండూ రెండో సర్గలోనివే. సముద్రపు నీరు నేలలోకి ఇంకి వడకట్టుకుని తియ్యగా అవుతుంది, ‘తైత్రీ వీరీ’ కణాలు పైనే మిగిలిపోతాయి అంటాడు. అంటే ‘రోత పుట్టించే ఆ కటువు తాలూకు’ కణాలు. ఇక్కడ వీరుస్ ఉప్పదనం. లఘువు_గురువు గారు చెప్పిన షష్ఠీ రూపం ‘వీరీ’ మనకు దొరికేది ఇక్కడే. రెండోచోట పరిమళ తైలం తయారీ చెబుతాడు. మరువం, బోళం, జటామాంసి సువాసనలు కలిపేటప్పుడు అసలు వాసన లేని ఆలివ్ నూనె ఎంచుకోవాలి, లేకపోతే అది తన ‘వీరో’తో సువాసనలను చెడగొడుతుంది అని. ఇక్కడ వీరుస్ నూనె కంపు, రూపం పంచమిది. మన వ్యాకరణంలో ఆ చోట తృతీయ వేస్తాం. లాటిన్ పంచమి తృతీయ పని కూడా చేస్తుంది.

మనుషుల నోటికీ వాడారు. తన కసి అనే వీరుస్‌ను కక్కడానికి మనిషన్నవాడు ఇంకొకణ్ణి వెతుక్కోక తప్పదని స్నేహం గురించి రాస్తూ సిసెరో అంటాడు. మనం ‘విషం కక్కుతున్నాడు’ అంటామే, అచ్చంగా అదే.

వైద్యంలో ముఖ్యమైన చోటు క్రీ.శ. 1వ శతాబ్దపు రోమన్ వైద్య రచయిత సెల్సుస్. దాదాపు ప్రతి కాటులోనూ ఏదో ఒక వీరుస్ ఉంటుందని, కరిచింది పిచ్చికుక్క అయితే గిన్నె పెట్టి ఆ వీరుస్‌ను పీల్చి తీయాలని రాశాడు. రేబిస్‌ను కలిగించేది ఇప్పటి లెక్కలో నిజంగానే వైరస్. దీన్ని చూసి ‘రోమన్లకు వైరస్‌ల సంగతి ముందే తెలుసు’ అని రాసేస్తుంటారు. సెల్సుస్ ఉద్దేశం కాటులో చేరిన విషద్రవం, అంతకుమించి ఏమీ లేదు. తేలు కుట్టినా ఆయన అదే మాట వాడగలడు.

తెగుళ్ళ_పాఠం:

ఆధునిక అర్థం ఎలా వచ్చిందో కలుపుతాను. బహువచనం ముడి కూడా ఇక్కడే విడిపోతుంది.

1892లో దిమిత్రి ఇవనోవ్‌స్కీ మొజాయిక్ తెగులు సోకిన పొగాకు ఆకుల రసాన్ని బాక్టీరియా దాటలేని పింగాణీ వడపోత గుండా పోశాడు. వడకట్టిన రసం కూడా తెగులు అంటించింది. 1898లో మార్టినుస్ బైయరింక్ అదే ప్రయోగం చేసి, ఇది సూక్ష్మజీవి కాదు, ‘సజీవమైన అంటు ద్రవం’ అని లాటిన్‌లో పేరు పెట్టి, వీరుస్ అనే మాటను దానికి వాడాడు. ద్రవం అన్నది గమనించండి. ఆయన దృష్టిలోనూ అది పాత రోమన్ అర్థంలోనే కారే పదార్థం. ద్రవానికి బహువచనం అక్కర్లేదు. 1935లో వెండెల్ స్టాన్లీ దాన్ని స్ఫటికాలుగా రాబట్టాడు, 1939లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పుల్లల్లాంటి కణాలు కనబడ్డాయి. అప్పటి నుంచి వైరస్ ఒకటి, రెండు, వెయ్యి అని లెక్కపెట్టదగిన వస్తువైంది. లాటిన్ మాటలో లేని గడి అప్పుడు అవసరపడింది.

పేర్ల విషయంలో ఒక ఆచరణ సూచన. వర్గీకరణలో ప్రజాతి పేరు ‘-వైరస్’తో, కుటుంబం ‘-విరిడే’తో, ఉపకుటుంబం ‘-విరినే’తో, క్రమం ‘-విరాలెస్’తో ముగుస్తాయి. వీరుస్ నుంచి ‘-ఉస్’ తీసేస్తే మిగిలే ‘వీర్-’కు ప్రత్యయాలు చేర్చారు. తెలుగులో ‘వై’ అని ఒకచోట, ‘వి’ అని ఒకచోట రాస్తుంటే ఇవి వేర్వేరు మాటలన్న భ్రమ పిల్లలకు కలుగుతోంది. ‘వై’ ఇంగ్లీషు ఉచ్చారణ. ఆ భాషలో పాత దీర్ఘ ఈ-కారం ‘ఐ’గా మారింది. ‘వైరిడే’ అని కొత్తగా సృష్టించకండి, వాడుకలో లేనిది తెచ్చిపెడితే వెతుక్కునేవాడికి దొరకదు. వైరస్, విరిడే అలాగే ఉంచి, రెండూ ఒకే ప్రాతిపదిక అని ఒక్క వాక్యం రాస్తే చాలు.

ఉదాహరణకు మన పొలాల్లోదే ఇవ్వచ్చు. మినుము, పెసరలో పల్లాకు తెగులును తెల్లదోమ మోస్తుంది. ఆ వైరస్ ప్రజాతి బెగోమోవైరస్, కుటుంబం జెమినివిరిడే. ‘గెమినీ’ అంటే లాటిన్‌లో కవలలు. కణం రెండు భాగాలు అతుక్కుని జంటగా ఉంటుంది కాబట్టి ఆ పేరు. మిరప రైతులు ‘జెమిని’ అంటున్నది కూడా ఈ కుటుంబాన్నే.

పదకోశం_పని:

అందరికీ ధన్యవాదాలు. ఇలా రాద్దామనుకుంటున్నాను, చూసి చెప్పండి:

‘వైరస్ (బహువచనం: వైరస్‌లు). లాటిన్ వీరుస్, నపుంసకం, ద్రవ్యవాచకం: జిగట ద్రవం, విషం, ఘాటు. ప్రాచీన లాటిన్‌లో బహువచనం లేదు. సంస్కృత విష శబ్దానికి జ్ఞాతి. 1798లో జెన్నర్ ఆవు మశూచి వైరస్ గురించి రాశాడు. విరిడే మొదలైన ప్రత్యయాలు ఈ ప్రాతిపదిక నుంచే.’

రసి_సొన:

జెన్నర్ వాక్యం మార్చండి. ఆయన ఆ మాట వాడిన సంగతి నిజమే. కాని 1798లో అది ఆవు పొదుగు మీది పొక్కులోంచి తీసిన, అంటించే గుణం ఉన్న రసి. కణం అన్న ఊహ అప్పటికి లేదు. మీ వాక్యం చదివినవాళ్ళు ఆయనకు వైరస్ తెలుసనుకుంటారు. ‘ఆవు మశూచి పొక్కుల రసిని వైరస్ అన్నాడు’ అని రాయండి. పాశ్చర్ రచనలకూ ఇదే వర్తిస్తుంది, ఆయన ఏ అంటురోగ కారకాన్నయినా ఆ పేరుతో పిలిచాడు, బాక్టీరియాతో సహా. 1892కు ముందు పాఠాల్లో ఈ మాట తగిలినప్పుడల్లా సందర్భం చూసి రసి, విషపదార్థం, రోగకారకం వీటిలో ఒకటి వేయండి.

లఘువు_గురువు:

‘బహువచనం లేదు’ అన్నదాన్ని ‘బహువచనం కనబడదు’ అని సవరించండి. వీర అన్నది కావాలంటే ‘ఆధునిక శాస్త్ర లాటిన్‌లో’ అన్న మాటతో కలిపి ఇవ్వండి. అప్పుడు ‘విరి’, ‘విరియై’ రాసేవాళ్ళకు వెంటనే చూపించడానికి సరైన రూపం ఒకటి ఉంటుంది.